విప్పిన రాడ్డు

"రాడ్డు మళ్ల బిగియ్యి అజీం భాయ్," అంటూ అంతయ్య కారు తాళం బల్ల మీద పెట్టాడు.

మెకానిక్ అజీముద్దీన్ కారు వైపు చూశాడు. ముందు సీటు ఖాళీగా ఉంది. అంతయ్య భార్య వనజ వీపు వెనక పెట్టుకునే దిండ్లు కూడా లేవు.

ముందు చక్రాలు రెండింటినీ కలిపే స్టెబిలైజర్ రాడ్డు అది. అది ఉంటే మలుపుల్లో బండి ఒరగదు. కానీ ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపు రెండో పక్కకూ పాకుతుంది. జమ్మికుంట నుంచి కరీంనగర్ ఆస్పత్రికి పోయినప్పుడల్లా గుంత గుంతకూ వనజ నొప్పితో విలవిల్లాడుతోందని అంతయ్యే దాన్ని విప్పించాడు.

"ఇంకొన్ని రోజులు ఉండనియ్యరాదన్నా?"

"వద్దు భాయ్. ఇగ ఆ పని లేదు."

అజీముద్దీన్ మళ్లీ ఆ ఖాళీ సీటు వైపు చూశాడు. ఎట్లా జరిగిందని అడగబోయి, కూర్చోమని పాత టైరు గోడ పక్కకు జరిపాడు. అంతయ్య గడ్డం మాసి ఉంది, కళ్ళు లోపలికి పోయాయి. టైరు మీద కూలబడి గోడకు తల ఆనించాడు. ఏడాదిగా ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మనిషి ఇంకెట్లా ఉంటాడు మరి.

"పోనీ, సన్న రాడ్డు ఏస్త. మలుపుల కాడ జర పట్టు దొరుకుతది, గుంతల కాడ అంత కొట్టది."

"గుంతల ఫికర్ లేదిప్పుడు. లావుదే ఎయ్యి. జరంత గూడ ఊగొద్దు."

అజీముద్దీన్ లావు రాడ్డు తీసుకున్నాడు. తనే బండి కిందికి దూరాడు. బోల్టు తిప్పుతుంటే వనజ గుర్తుకొచ్చింది. ఎప్పుడొచ్చినా సీట్లోంచే "చాయ్ తాగినవా అజీం?" అని పలకరించేది. అంత నొప్పిలోనూ. పాపం, ఎంత మంచి మనిషి అనుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటే చెంపకు గ్రీజు అంటింది.

పని ముగించి బయటికి వచ్చి, అంతయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"వదినె అసొంటి మనిషి దొరకదన్నా. నువ్వే జర ధైర్యం చేసుకోవాలె."

"ఎంత చేసుకున్నా సాల్త లేదు భాయ్," అన్నాడు అంతయ్య, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ. "మొత్తం బాగైంది, బండి నడపొచ్చని డాక్టర్ అన్నకాన్నుంచి మీ వదినె స్టీరింగ్ నాకిస్తలేదు. మలుపు కాడ గూడ స్పీడ్ తగ్గియ్యది, బండి ఊగితె రాడ్డు తీసి చెడగొట్టినవని నన్నే తిడుతది."