చలువ చొక్కా

రెంటచింతలలో ఎండ యాభై రెండు డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, బాలశౌరి మిరప చేలోంచి తూలుతూ ఇంటికొచ్చాడు. మాట ముద్దగా వస్తోంది. ఊళ్ళో అందరిలాగే అతని భార్య ఇన్నమ్మకూ తెలిసింది ఒక్కటే, వడదెబ్బ. మంచుముక్కలు వేసిన మజ్జిగ తాగించింది. ఎండకు ఒళ్ళు చల్లబరచడానికి పసిపిల్లల దగ్గర్నుంచి అందరూ తొడుక్కునే చలువ చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది. దాని మీట చివరిదాకా తిప్పింది. ఒళ్ళు చల్లగా తగిలితే, చొక్కా బాగానే పనిచేస్తోందని ధైర్యం తెచ్చుకుంది.

ఆయన కళ్ళు మూతలు పడుతుంటే భయమేసి, గోడతెర మీద నర్సును పిలిచింది. చొక్కా పంపే లెక్కలు తెర మీద చూసి నర్సు చెప్పింది.

"ఇది వడదెబ్బ కాదమ్మా. చొక్కా చెడిపోయి పొద్దుటి నుంచీ ఆగకుండా చల్లబరుస్తోంది. దీన్ని హైపోథెర్మియా అంటారు."

"అంటే ఏందమ్మా?"

"ఒంట్లో వేడి ముప్పై అయిదు డిగ్రీల కిందికి పడిపోవడం. ఇంకా పడితే గుండె ఆగిపోద్ది. చొక్కా విప్పేసి, కుదపకుండా వసారాలోకి తీసుకెళ్ళు."

"ఇంత ఎండలోనా?"

వేసవి పగటిపూట చలువ చొక్కా లేని మనిషిని గడప దాటించడం ఇన్నమ్మ పుట్టి ఎరగదు. చొక్కా విప్పేసి, గడియ తీసి, ఆయన్ని చాపతో సహా మెల్లగా బయటికి లాగింది. ఎదురింటి మరియదాసు కిటికీలోంచి చూసి కేకేశాడు.

"లోపలికి లాగు ఇన్నమ్మా, మనిషి చచ్చిపోతాడు."

"లోపలుంటేనే చచ్చిపోతాడంట."

కాసేపటికి బాలశౌరి గజగజ వణకసాగాడు. ఆ వణుకు మంచిదేనంది నర్సు. చలికి వణికే మనిషిని ఇన్నమ్మ ఏనాడూ చూడలేదు. ఆయన కళ్ళు తెరిచి, ఎదురుగా ఎండను చూసి హడలిపోయాడు.

"నా చొక్కా ఏదే? నన్ను చంపుదామనా?"