నేరం ఉన్నట్టు ఒక కాగితం

“మీ పేరు మీద ఏ నేరమూ లేదండీ,” అంది పోలీసు రికార్డుల గుమాస్తా, కిటికీ అవతల నుంచి నవ్వుతూ.

ఆ ఒక్క మాట కోసమే జనం ఆ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతారు. కిటికీ ఇవతల నిలబడ్డ వడ్రంగికి మాత్రం గుండె జారిపోయింది.

“సరిగ్గా చూడండి మేడమ్. ఉండాలి. పదకొండేళ్లు జైల్లో ఉన్నాను. పోయిన నెలే బయటికొచ్చాను.”

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. మళ్లీ కంప్యూటర్లో వెతికింది. ఇంటిపేరుతో చూసింది, తండ్రి పేరుతో చూసింది, పుట్టిన తేదీ కొట్టి చూసింది.

“అరెస్టు లేదు, శిక్షా లేదు. ఇంత శుభ్రమైన పేరు ఈ వారంలో నేను చూడలేదు. నేరచరిత్ర లేదని సర్టిఫికెట్ ఇచ్చేయనా?”

“అది నేనేం చేసుకుంటానమ్మా. నాకు ఉన్నట్టు కావాలి.”

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్లదేం పోయింది, నవ్వుతారు. ఊరి చివర ఒక కుర్చీల కర్మాగారం ఉంది. జైలు నుంచి వచ్చినవాళ్లకే అక్కడ పని. ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. సాయంత్రం ఐదింటిలోగా పోలీసు రికార్డు తెచ్చి చూపిస్తే ఆ పని వడ్రంగిది, లేకపోతే అక్కడ అతని తర్వాత వచ్చినవాడిది. జైల్లో ఇచ్చిన విడుదల చీటీ చూపిస్తే అది చెల్లదన్నారు. చీమకు కూడా హాని చెయ్యనివాళ్లు దొంగ చీటీలు అచ్చు వేయించుకుని, మేం హంతకులం బాబూ అంటూ వచ్చేస్తున్నారట. పనికి అంత కరువు వచ్చిపడింది మరి.

“శుభ్రమైన కాగితం ఉంటే ఎక్కడైనా పని దొరుకుతుంది కదండీ,” అంది గుమాస్తా.

“ఈ పదకొండేళ్లూ ఎక్కడున్నావని అడుగుతారు. జైల్లో అంటే గేటు వేసేస్తారు. చెప్పకపోతే ఏదో దాస్తున్నాడని వేసేస్తారు. ఈ నెలలో పద్నాలుగు గేట్లు చూశాను మేడమ్.” గొంతు తగ్గించాడు. “అక్కావాళ్ల వరండాలో పడుకుంటున్నాను. బావ పైకి ఒక్క మాటా అనడు. పొద్దున అక్క నా సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టింది. ఏడుస్తూనే పెట్టింది.”

గుమాస్తా గడియారం వంక చూసింది. మూడున్నర దాటింది.

“కేసేంటి?”

“గోడౌను తగలబడిన కేసు. లోపల కాపలావాడు చనిపోయాడు.”

“పాత ఫైళ్ల కట్టలు తీయించాలంటే ఈ దరఖాస్తు నింపాలి.” కాగితం ముందుకు తోసి ఒక గడి మీద వేలు పెట్టింది. “మీరు చేసిన నేరం ఇక్కడ రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే మా పెద్దాయన సంతకం పెట్టడు.”

“నా మీద మోపారని రాస్తే?”

“చేశాననే రాయాలి. ఫారం అలా ఉంది, నేనేం చెయ్యను.”

వడ్రంగి చేతిలో పెన్ను కదల్లేదు. స్టేషన్లో ఒళ్లు హూనమయ్యేలా కొట్టినప్పుడు కూడా అతను ఆ మాట అనలేదు. ఒప్పుకుంటే శిక్ష సగానికి సగం తగ్గుతుందని వకీలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా అనలేదు. అందరూ పోయాక, అన్నీ పోయాక, అతనికంటూ మిగిలింది ఆ మొండితనమే. దాన్ని పట్టుకునే అన్నేళ్లు బతికాడు.

గుమ్మం పక్కన సంచి కళ్లముందు మెదిలింది.

‘గోడౌను నేనే తగలబెట్టాను’ అని రాసి, కింద సంతకం పెట్టాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. కాగితం లోపలికి ఇచ్చాడు.

ఆ ఆఫీసులో శిక్ష పడిన కేసుల కట్టలు కింద గదిలో ఉంటాయి, మూసేసిన కేసులవి అటక మీద ఉంటాయి. కంప్యూటర్లు వచ్చినప్పుడు కింద ఉన్నవి మాత్రం ఎక్కించి, అటక జోలికి ఎవరూ పోలేదు. గుమాస్తా కిందంతా గాలించింది. అక్కడ లేకపోయేసరికి, ఎందుకైనా మంచిదని నిచ్చెన వేయించుకుని పైకెక్కింది. నాలుగైంది. నాలుగున్నర దాటింది. వడ్రంగి కిటికీ ఊచలు వదల్లేదు. చివరికి ఆవిడ దుమ్ము దులుపుకుంటూ ఒక కట్టతో వచ్చింది.

“దొరికిందా మేడమ్?”

“దొరికింది.”

వడ్రంగికి ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తితే కర్మాగారం పావుగంట దూరం.

“ముద్ర వేసి ఇచ్చేయండమ్మా, మీకు పుణ్యముంటుంది.”

ఆవిడ ముద్ర తీయలేదు. పైకాగితం చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

“ఇవ్వలేనండీ. మీ మీద కేసు కొట్టేశారు.”

“కొట్టేయడమేంటి?”

“అసలు మనిషి దొరికాడట. నిప్పు పెట్టింది తనేనని ఒప్పుకున్నాడు. మీకే పాపమూ తెలియదని కోర్టు రాసింది.”

వడ్రంగి ఆవిడ మొహంలోకి చూశాడు.

“మరి నన్నెందుకు వదల్లేదు?”

గుమాస్తా కట్టలోంచి ఒక పొడుగాటి కవరు లాగి, కిటికీ కిందనుంచి అతని చేతికి అందించింది. జైలు అధికారికి పంపాల్సిన అతని విడుదల ఉత్తర్వు అని పైన రాసి ఉంది. తేదీ అతను జైలుకెళ్లిన నాలుగో నెలది, అంటించిన మూత ఇంకా ఎవరూ విప్పలేదు.