కల్తీ చుక్క

మొదటి దెబ్బకే ముసలాయన పన్ను ఊడి బల్ల మీద పడింది.

"ఏం ముసలోడా, కాఫీలో చక్కెర కలుపుతున్నావా?" సూపర్‌వైజర్ ఇనుప పైపు మళ్లీ ఎత్తాడు.

బల్ల మీద లిక్విడ్ క్రిస్టల్ సీసా. ముసలాయన చేతిలో ఇంకా ద్రావకం కారుతున్న డ్రాపర్. ఆయన పనిలో చేరి నెల కూడా కాలేదు.

ఆ సీసాలోని సరుకును గాజుగొట్టంలో నింపి రసాయనాల ట్యాంకుకు బిగిస్తారు. మామూలుగా పాలలా ఉంటుంది. వేడి హద్దు దాటిందంటే ఒక్కసారిగా నీళ్లలా తేటపడుతుంది. ఇక పరుగు లంకించుకోవడమే.

"చుక్క కల్తీ లేని సరుకురా అది! పాడుచేయమని ఎవడు పంపాడు నిన్ను? పక్క కంపెనీ వాడా?"

"ఎవరూ పంపలేదు బాబూ. కల్తీ లేదు కాబట్టే అది చివరిదాకా పాలలాగే ఉంటుంది. తేటపడ్డాక పరుగెత్తే టైముండదు. ఈ చుక్క కలిస్తే తక్కువ వేడికే అక్కడక్కడా తేట మచ్చలొస్తాయి. మచ్చ కనబడగానే..."

పైపు మోకాలి మీద దిగింది. ఎముక పుటుక్కుమంది.

గుమ్మంలో నిలబడ్డ ట్యాంకు ఆపరేటర్ బిక్కచచ్చిపోయాడు. సూపర్‌వైజర్‌కు సొంత తమ్ముడతను.

"అన్నయ్యా, చచ్చిపోతాడు, వదిలెయ్! పొద్దున ఈయన నింపిచ్చిన గొట్టమే ట్యాంకుకు బిగించాను. మార్చమంటావా?"

"ఇప్పుడు ట్యాంకు ఆపితే మేనేజర్ నా తోలు తీస్తాడు. సాయంత్రం చూద్దాం. అది ఏం చూపించినా పట్టించుకోకు, పో."

ముసలాయన పాక్కుంటూ వచ్చి ఆ తమ్ముడి కాలు పట్టుకున్నాడు. "మచ్చ కనబడితే ఆగకు నాయనా. నీకు దణ్ణం పెడతాను."

సూపర్‌వైజర్ ఆ చేతిని బూటుతో తొక్కాడు. మనిషిని ఈడ్చుకెళ్లి, ట్యాంకు వెనకున్న స్టోర్‌రూంలో పడేసి తాళం వేశాడు.

"పోలీసులొచ్చేదాకా అక్కడే పడుండు!"

భోజనాల వేళకి ట్యాంకు దగ్గర్నుంచి కేక వినిపించింది.

"అన్నయ్యా, మచ్చలు!"

"కల్తీ మచ్చలురా అవి. నీ పని నువ్వు చూసుకో!"

తమ్ముడు గొట్టంలోకి చూశాడు. పాల మధ్య మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. కాలు మీద ముసలాయన నెత్తుటి వేళ్ల మరక ఇంకా అలాగే ఉంది.

అలారం కొట్టేశాడు. అన్న చొక్కా పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

ఆఖరి మనిషి గేటు దాటాడో లేదో, ట్యాంకు పేలింది. పైకప్పు రేకులు కాగితాల్లా గాల్లోకి లేచాయి. షెడ్డు మొత్తం మంటల్లో కూలింది.

"అన్నయ్యా... స్టోర్‌రూం!"

సూపర్‌వైజర్ చెయ్యి జేబులోకి వెళ్లింది. తాళంచెవి చల్లగా తగిలింది.

అంతలో ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అతను ఆమెను గుర్తుపట్టాడు. పోయినేడు ఇక్కడే పాత ట్యాంకు పేలినప్పుడు, పరుగెత్తే టైము చాలక కాలిపోయిన ఆపరేటర్ భార్య. ఆ రోజూ ఈ గేటు దగ్గరే నిలబడింది.

"కొడుకు సంగతి చెబితే పనిలో పెట్టుకోరని దాచారు సార్," అందామె ఆయాసపడుతూ. "సీసాల గదిలో ముసలాయన... మా మామగారు... బయటికొచ్చేశారు కదా?"