జడ్జిగారు లేచి వెళ్తే

“మీదే ఆఖరి పుస్తకం. జడ్జిగారి మూడ్ మాత్రం ఏం బాగాలేదు,” అంది లైబ్రేరియన్, గొంతు తగ్గించి.

అప్పుడే వచ్చిన ఆమె చేతిలోని పుస్తకం జారినంత పనైంది. పాపను అత్తగారి ఒళ్ళో పడేసి పరుగున వచ్చింది. అక్కడ అది గుక్కపట్టి ఏడుస్తోందేమోనని ఒక బెంగ. ఇక్కడ ఇదొకటి.

“ఏమైందండీ?”

“మధ్యాహ్నం కునుకు పడలేదు. అది పడకపోతే ఆయన మనిషి కాదు.”

పసిపిల్లలకు చదివి వినిపించే బొమ్మల పుస్తకాల్లో మేలైనదాన్ని ఎంచి అవార్డు ఇచ్చే పని అది. జీతం లేదు, భత్యం లేదు. ఇష్టమున్నవాళ్ళు రావచ్చని లైబ్రరీ గోడకు కాగితం అంటిస్తే, ఆమె కూడా ధైర్యం చేసి వచ్చింది. నెలంతా అట్టపెట్టెల నిండా వచ్చిన పుస్తకాలు తిరగేసి, తలా ఒకటి ఎంచుకున్నారు. ఇవాళ ఎవరి పుస్తకాన్ని వాళ్ళే జడ్జిగారి ఎదుట చదవాలి. మార్కులుండవు. మధ్యలో ఆయన లేచి వెళ్ళిపోతే పుస్తకం పోయినట్టు. మళ్ళీ చదవమంటే గెలిచినట్టు. గెలిచిన పుస్తకం ఊళ్ళో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్తుంది.

“ఎనిమిదో క్లాసులో బడి మానేసినదానివి, నువ్వు అవార్డులిస్తావా తల్లీ?” అని పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ మొగుడు నవ్వాడు. వేళాకోళానికే అన్నాడు. అయినా ఎక్కడో గుచ్చుకుంది.

ఆమె ఎంచుకున్నది ఒక రోడ్డు రోలరు కథ. దానికి కితకితలెక్కువ. కంకర పొట్టకు తగిలితే చాలు, పడీపడీ నవ్వుతుంది. రోడ్డు కాస్తా వంకర పోతుంది. పాపను పక్కన వేసుకుని ఆ పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎక్కడా తడబడకుండా చదివింది. బడి మానేశాక ఒక పుస్తకం పూర్తిగా చదవడం అదే మొదలు. అంత మంచి పుస్తకం తన నోటివల్ల ఓడిపోకూడదు. ఆమె భయమల్లా అదే.

తలుపు తెరుచుకుంది. రిటైరైన హెడ్మాస్టరమ్మ బయటికొచ్చింది. ముఖం మాడిపోయి ఉంది.

“రెండు పేజీలు తిప్పానో లేదో లేచి గది మూలకు వెళ్ళిపోయారమ్మా! నా క్లాసులో ఏనాడైనా ఒక్కరు కదిలారా?”

“ఏమన్నారు?”

“నీ కథ బాలేదన్నారు. నువ్వు అని! నన్ను పట్టుకుని!”

“ఆయన అందర్నీ అంతేలెండి,” అంది లైబ్రేరియన్. “మొన్న మా పై ఆఫీసరు వస్తే, ఆయన్నీ నువ్వనే అన్నారు. పైగా పక్కకు జరగమన్నారు.” తర్వాత ఆమె వైపు తిరిగింది. “వెళ్ళండి. ఊరికే ఇకిలించకండి, గిట్టదు. కథలో నీతి చెప్పారా, అంతే సంగతులు!”

ఆమె లోపలికి అడుగుపెట్టింది.

జడ్జిగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. గుండ్రటి కళ్ళజోడు. చొక్కా గుండీల మధ్యనుంచి తొంగిచూస్తున్న బొజ్జ. ముందుపళ్ళు రెండు లేకపోవడంతో బిస్కెట్టును దవడకేసి తాపీగా నములుతున్నారు. ఆమె వచ్చినట్టు గమనించనైనా లేదు.

“ఊఁ. చదువు,” అన్నారు.

ఆమె మొదలుపెట్టింది. మొదటి మాటే తడబడింది. చేతులకు చెమట పట్టి కాగితాలు అంటుకుంటున్నాయి. రోలరు మొదటిసారి నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూశారు.

ఆమె గబగబా పేజీ తిప్పింది.

“ఆగు.”

ఆమె వేలు పేజీ మీదే ఆగింది.

“ఇందాక డ్రైవరుకి టోపీ ఉంది. ఇప్పుడేది?”

చూసుకుంటే రెండు పేజీలు కలిసి తిరిగాయి. టోపీ గాలికి ఎగిరిపోయే బొమ్మ మధ్యలో ఉండిపోయింది. వెనక్కి తిప్పి, ఆ పేజీ చదవబోయింది.

జడ్జిగారు కుర్చీ దిగారు.

అయిపోయింది. ఆమెకు కళ్ళు మసకబారాయి. పాపం రోలరు. ఏ చదువుకున్నవాళ్ళ చేతిలోనో పడి ఉంటే బాగుపడేది.

అడుగుల చప్పుడు దూరంగా వెళ్ళలేదు. ఆమె దగ్గరికొచ్చి ఆగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఎగిరిపోతున్న టోపీని వేలితో తడిమి చూశారు.

“రోడ్డు వంకరగా ఉంటే బళ్ళు ఎలా వెళ్తాయి?”

ఈ ప్రశ్న నెలంతా ఎవరికీ తట్టలేదు.

“వంకరగానే వెళ్తాయి,” అంది, వచ్చింది వచ్చినట్టు.

జడ్జిగారు ఆలోచించారు. చాలాసేపు ఆలోచించారు. ముందు బొజ్జ కదిలింది. తర్వాత భుజాలు. తర్వాత పళ్ళులేని నోరంతా తెరుచుకుని, బిస్కెట్టు పొడి పుస్తకమంతా చిమ్మేలా నవ్వారు. రోలరు నవ్వినప్పుడల్లా ఆయనా నవ్వారు. ఆయన్ని చూసి ఆమెకూ నవ్వాగలేదు. తడబాటెటు పోయిందో తెలియలేదు. చివరి పేజీ వచ్చేసింది. పుస్తకం మూసి ఆయన వైపు చూసింది.

“మళ్ళీ చదువు,” అన్నారు జడ్జిగారు.

తలుపు దగ్గర లైబ్రేరియన్ చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరమ్మ ముక్కు చీదుకుని, “మంచి పుస్తకమేనమ్మా, మంచి పుస్తకమే,” అంది. ఆమె కళ్ళు తుడుచుకుని రెండోసారి చదివింది. మూడోసారీ చదివింది.

“మళ్ళీ!”

అప్పుడే లోపలికొచ్చిన వాళ్ళమ్మ, “ఇంక చాల్లే నాన్నా, రేపటినుంచి ఒకటో తరగతి, పొద్దున్నే లేవాలి,” అంటూ జడ్జిగారిని చంకనెత్తుకుంది.