పటంలో వంటగది

గ్రంథాలయం హాల్లో బొమ్మల ప్రదర్శనకు అది చివరి రోజు. గోడల మీది పటాలు దింపుతున్న లైబ్రేరియన్ చెయ్యి పట్టుకుని ఆపేసింది ఒక తల్లి.

"ఇది మా వంటగదండీ. గోడ మీద ఆ పగులు, కిటికీకి కట్టిన ఆ నీలం గుడ్డ... మావాడు తప్ప ఇంకెవరూ వెయ్యలేరు. వాడు ఇల్లు విడిచి మూడేళ్ళయింది. అడ్రసు ఇవ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"బొమ్మలు వేసినవాళ్ళ వివరాలు ఇవ్వకూడదమ్మా," అంది లైబ్రేరియన్. ఆవిడ నిజంగానే వంగబోయేసరికి మనసాగక, బొమ్మ వేసిన మనిషికి ఫోన్ చేసి రమ్మంది.

గంటసేపు ఆ తల్లి గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కొడుకు రాగానే తిట్టకూడదనీ, ఎందుకు వెళ్ళావని అడగకూడదనీ తనకు తానే చెప్పుకుంది.

చేతికర్ర ఊతంతో ఒక ముసలాయన వచ్చాడు. ఆయన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసిందావిడ. ఎవరూ లేరు.

"మీ వంటగది నేనెప్పుడూ చూడలేదమ్మా," అన్నాడాయన. "ఆసుపత్రిలో మీవాడిది నా పక్క మంచం. పొద్దస్తమానం ఆ ఇంటి గురించే చెప్పేవాడు. విని విని వేశాను. ఇల్లెక్కడో మాత్రం ఎంతడిగినా చెప్పలేదు. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఇక్కడ పెట్టాను."

"గుర్తుపట్టాను కదండీ. వాడి దగ్గరికి తీసుకెళ్ళండి."

ఆయన తల దించుకున్నాడు.

"మీకు కబురు చేస్తానంటే వద్దన్నాడమ్మా. లేచి నడవగలిగిన రోజు తనే ఇంటికి వెళ్తానన్నాడు. ఊపిరి ఆగేదాకా అదే మాట."