అమ్మ వేషం

ఇంత సిగ్గులేని మనిషి అంత గొప్పగా ఎలా ఏడవగలిగాడు? పాతికేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.

మమ్మల్ని పస్తులుంచి వెళ్లిపోయిన మా నాన్న ఎసుమాన్, మా సెకొండీ రేవులో తాను రాసిన నాటకంలో మొగుడొదిలేసిన ఇల్లాలి వేషం కట్టాడు. మాటలన్నీ అమ్మవే. జనం కరిగిపోయి, మా రేవు అలవాటు ప్రకారం వేదికెక్కి ఆ అభాగ్యురాలి చేతిలో తిండి పెడుతున్నారు.

"మన ఏడుపు అమ్ముకుని మేస్తున్నాడు," అన్నాను పక్కన కూర్చుని చూస్తున్న అమ్మతో.

అమ్మ కూడా లేచి వెళ్లింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. తను తినడానికి తెచ్చుకున్న కెంకే, ఆ పులిసిన మొక్కజొన్న ముద్ద, అతని చేతిలో పెట్టి, కళ్లు తుడిచి వచ్చింది.

"ఆ మనిషికి పెట్టావా?"

"వాడికెందుకు పెడతానే? నాటకంలో ఏడుస్తున్న ఆ పిల్లకి పెట్టాను. అప్పుడు నాకెవరూ పెట్టలేదుగా."

ఆ నాటకాన్ని నాన్న అమ్మ దగ్గర దొంగిలించాడో, అమ్మకోసమే రాశాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.