బడికి రాసిచ్చిన గొంతు

మనిషి పోయాక గొంతును ఎవరికో ఒకరికి వీలునామాలో రాసిచ్చే రోజులవి. ఎవరికి రాస్తే వాళ్లను మాత్రమే ఆ గొంతు గుర్తుపడుతుంది. మాధురి తన గొంతును కన్నకూతురు లాస్యకు కాకుండా, తాను చదువుకున్న బందరు ఆడపిల్లల బడికి రాసి పోయింది.

మూడు నెలలు లాస్య కోపంతోనే ఉంది. చివరికి ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం బడికి వెళ్లింది. ఆరో తరగతిలో అమ్మ గొంతు తెలుగు పాఠం చెబుతోంది, పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. అమ్మ ఇంత హుషారుగా మాట్లాడగా లాస్య ఎప్పుడూ వినలేదు.

"నాకివ్వకుండా మీకెందుకిచ్చింది మేడమ్?" అని హెడ్మిస్ట్రెస్ నస్రీన్‌ను అడిగింది.

నస్రీన్ మొహమాటపడుతూనే గొంతు రాసిచ్చేటప్పుడు అమ్మ నింపిన దరఖాస్తు చూపించింది. కారణం అన్నచోట ఇలా ఉంది: "నన్ను పిలిచి మరీ మాట్లాడించింది ఈ బడే. ఇంట్లో నా మాట వినే తీరిక ఎవరికీ లేకపోయింది. పిల్లను తప్పుపట్టను, దానికి పనులెక్కువ."

'తర్వాత మాట్లాడతానమ్మా' అంటూ తాను ఎన్నిసార్లు ఫోను పెట్టేసిందో లాస్యకు గుర్తొచ్చింది.

పిల్లలు వెళ్లిపోయాక ఆ గదిలోకి వెళ్లి, "అమ్మా, నేనే" అంది.

"కొత్తగా చేరావా తల్లీ? ఎవరమ్మాయివి?" అంది గొంతు ఆప్యాయంగా.

"మాధురి గారి అమ్మాయినండీ" అంది లాస్య.

"అలాగా! కూర్చో, కబుర్లు చెప్పుకుందాం."

బడి గేటు మూసేదాకా లాస్య అక్కడే కూర్చుని, ఒక్క మాటకు కూడా అడ్డు రాకుండా వింది.